బోధన్ నీళ్లు బోధన్ వానవి కావు

బోధన్‌లో ఎంత వాన పడిందన్నది ఒక లెక్క, బోధన్ చెరకుకు ఎన్ని నీళ్లు అందాయన్నది మరో లెక్క. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి నడవాలన్న నియమం 1931లో పోయింది. అంతకుముందు ఊరి వాన ఊరి చెరువులోకి వచ్చేది, చెరువు నిండితే మత్తడి దూకేది, తూము కింద మడి పారేది. తాలూకా కచేరీలో వానమాపకం చూసి రాసిన అంకె ఆ ఏటి పంటకు చాలావరకు నమ్మదగిన సాక్ష్యం. మంజీరా నది మీద నిజాంసాగర్ జలాశయం పూర్తయ్యాక ఆ సాక్ష్యం విలువ తగ్గింది. కాలువ కింద నిలబడ్డ చెరకుకు కావలసిన వాన బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టల మీద, లాతూర్‌లో, బీదర్‌లో, మెదక్‌లో పడాలి. అయినా నిజామాబాద్, బోధన్‌ల వానాకాలం గురించి మనం ఇప్పటికీ ఆ ఊళ్ల వానమాపకం చెప్పిన మాటతోనే మొదలుపెడతాం. భూమిని అక్షాంశ రేఖాంశాల గడులుగా చీల్చి గడికొక అంకె రాసే వాతావరణ ఫైళ్లు ఈ చెరకు సీమకు మొదటిసారి సరిపోయిన వాన రిజిస్టర్ అని నా వాదన. అయితే వాటిని బోధన్ గడి చూసుకోవడానికి కాదు, మంజీరా పరీవాహకం మొత్తాన్ని కూడటానికి వాడాలి. బోధన్ గడి ఒక్కటే తీసి చూసే ప్రోగ్రామ్ పాత తాలూకా రిజిస్టర్‌నే కంప్యూటర్‌లోకి ఎక్కించినట్టు.

ఈ మాట చరిత్రతోనే నిలబడుతుంది కాబట్టి అక్కడికే వెళదాం. మంజీరా మీద అచ్చంపేట దగ్గర ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో ముగిసింది. ప్రణాళిక వేసిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజైన జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటోంది. 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు లక్ష్యంగా, దాదాపు 30 టీఎంసీల నిల్వతో కట్టిన ఈ జలాశయం అప్పటికి హైదరాబాద్ రాజ్యంలోనే పెద్ద సాహసం. కాలువ వచ్చాక కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాల్లో ఊరి పేరు చివర క్యాంపు అన్న మాట ఆ వలస గుర్తే. 1932లో చక్కెర పరిశ్రమకు సుంకాల రక్షణ ఇచ్చే చట్టం వచ్చింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఆ ఫ్యాక్టరీకి సొంత చెరకు ఫారాలు కూడా ఉండేవి. చెరకు పది పన్నెండు నెలల పంట. నాలుగు నెలల వానాకాలం దాన్ని ఒడ్డు చేర్చదు, ఎండాకాలంలో తడి ఇవ్వాల్సిందే. అంటే ఆ ఫ్యాక్టరీ గానుగ తిరగడానికి మూలం బోధన్ మీది మబ్బు కాదు. నాలుగైదు జిల్లాల అవతల కురిసి, నదిలో నడిచి, జలాశయంలో ఆగి, నెలల తర్వాత కాలువలోకి దిగిన నీరు.

నిజాంసాగర్ కట్టేనాటికి ఒక సౌకర్యం ఉండేది, దాన్ని ఇప్పుడు ఎవరూ పెద్దగా తలచుకోరు. మంజీరా పుట్టే బీడ్, అది నడిచే ఉస్మానాబాద్, బీదర్, మెదక్, అది కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే నిజామాబాద్, అన్నీ ఒకే పాలన కింద ఉన్నాయి. నది మొత్తానికి ఒకే ప్రభుత్వం, వాన అంకెలకూ ఒకే గొడుగు. 1956 నవంబర్ 1న ఆ గొడుగు మూడు ముక్కలైంది. మరాఠ్వాడా జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి, బీదర్‌లో ఎక్కువ భాగం మైసూరుకు, తెలుగు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. నది మాత్రం అదే దారిలో పారింది. వాటాల తగవు గోదావరి జల వివాదాల ట్రిబ్యునల్ దాకా వెళ్లి, 1980లో బచావత్ తీర్పుతో ఒక కొలిక్కి వచ్చింది. కానీ వాన కొలతలు, జలాశయాల మట్టాలు, కాలువ విడుదలలు ఏ రాష్ట్రం దస్త్రంలో అవి ఉండిపోయాయి. నిజామాబాద్ జిల్లా గణాంకాల పుస్తకం తెరిస్తే నిజామాబాద్ జిల్లా వానే కనిపిస్తుంది. జిల్లా యంత్రాంగం తన జిల్లాకే జవాబుదారీ కాబట్టి అందులో తప్పులేదు. ఆ పుస్తకాన్ని పట్టుకుని ఆయకట్టు భాగ్యం గురించి రాసేవాళ్ల దగ్గరే పొరపాటు.

నిజాంసాగర్ పని మొదలు కావడానికి ఏడాది ముందు, 1922లో, ఇంగ్లండ్‌లో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త ఒక పుస్తకం ప్రచురించాడు. యూరప్ పటాన్ని గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి ఒత్తిడి ఆరు గంటల్లో ఎంత మారుతుందో చేత్తో లెక్కకట్టే పద్ధతి అందులో ఉంది. ఆయన లెక్క ఘోరంగా తప్పింది. 145 హెక్టోపాస్కల్‌ల మార్పు వస్తుందని తేలింది, తుపానులో కూడా జరగని సంగతి అది. ప్రపంచమంతటి వాతావరణాన్ని అది మారే వేగంతోనే లెక్కించాలంటే 64,000 మంది గణకులు ఒక పెద్ద హాలులో కూర్చోవాలని ఊహించాడు. ఆ పని చేసే యంత్రం 1950లో అమెరికాలోని ఎనియాక్ కంప్యూటర్‌తో మొదలైంది. మన దేశంలో మధ్యకాలిక అంచనాల కేంద్రం 1988లో ఏర్పడింది, దానికి క్రే సూపర్‌కంప్యూటర్ వచ్చింది. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి వెడల్పు ఆరు కిలోమీటర్లు. రిచర్డ్‌సన్ గడికీ నేటి గడికీ పరిమాణంలో ఎంత తేడా ఉన్నా ఒక గుణం మారలేదు. గడికి రాష్ట్రం తెలియదు, జిల్లా తెలియదు. 1956లో మంజీరా పోగొట్టుకున్న ఉమ్మడి లెక్క అనుకోకుండా ఈ ఫైళ్ల రూపంలో తిరిగి వచ్చింది.

అంచనాల సంగతికి ముందు, గడచిన వానల ఫైలు చూడాలి. 1875లో ఏర్పడ్డ భారత వాతావరణ శాఖ 1901 నుంచి రోజువారీ వానను పావు డిగ్రీ గడులుగా ఇస్తోంది. 2014లో ఆ శాఖ శాస్త్రవేత్తలు ప్రచురించిన వివరాల ప్రకారం దీనికి 6,955 వానమాపక కేంద్రాల కొలతలు వాడారు. రేఖాంశాల వెంట 135, అక్షాంశాల వెంట 129 పాయింట్లు, ఏడాదికి ఒక ఫైలు. పైథాన్ తెలిసినవారికి ఐఎండీలిబ్ అనే ప్యాకేజీ దాన్ని నాలుగు వరుసల్లో తెరిచి ఇస్తుంది. ఇప్పుడు బోధన్ కోసం చూడండి. ఊరు ఇంచుమించు 18.67 ఉత్తర అక్షాంశం, 77.9 తూర్పు రేఖాంశం మీద ఉంది. నిజామాబాద్ అదే అక్షాంశం మీద 78.1 దగ్గర ఉంది. రెండింటికీ దగ్గరి పాయింటు ఒక్కటే, 18.75, 78.0. అంటే ప్రోగ్రామ్‌కు బోధన్ అడిగినా నిజామాబాద్ అడిగినా ఒకే అంకె వస్తుంది, ఏ రోజైనా, ఏ సంవత్సరమైనా. పైగా రెండు గడుల మధ్య గీత 77.875 దగ్గర ఉంది కాబట్టి బోధన్ పడమటి పొలిమేరకు వెళ్లగానే గడి మారిపోతుంది. ఒక్కో గడి మన అక్షాంశం దగ్గర సుమారు 730 చదరపు కిలోమీటర్లు. రెండు పట్టణాల వానలను పోల్చి పట్టిక వేసి, రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయని ముగించే నివేదికను ఊహించడం కష్టమేమీ కాదు. అందులో వాన సంగతి లేదు, గీతలు ఎక్కడ గీశారన్న సంగతే ఉంది.

ఇదే ఫైలును మంజీరా కోసం వాడితే కథ మారుతుంది. నిజాంసాగర్ ఎగువ పరీవాహకం 20 వేల చదరపు కిలోమీటర్లకు పైబడింది, అంటే దాదాపు 30 గడులు. ఒక గడిలో పడ్డ పొరపాటు ముప్పైలో పలచబడుతుంది. లెక్క కూడా కళ్లు తెరిపిస్తుంది. పరీవాహకమంతా సమానంగా ఒక సెంటీమీటర్ వాన పడితే అది సుమారు 7 టీఎంసీల నీరు. పూడిక తర్వాత నిజాంసాగర్ నేటి నిల్వ 17.8 టీఎంసీలు. పడ్డ ప్రతి చుక్కా నదిలోకే వస్తుందని అనుకుంటే రెండున్నర సెంటీమీటర్ల వాన చాలు జలాశయం నిండటానికి. రాదు కాబట్టే, నల్లరేగడి తాగేది, చెరువులు ఆపేది, ఎండ లాగేసేది ఎంతో తెలియడానికి పరీవాహక మొత్తం కావాలి. కోడ్ రాసేటప్పుడు ఇక్కడ ఒక సోమరి దారి ఉంది. 17.5 నుంచి 19 అక్షాంశాల దాకా, 75.5 నుంచి 78.5 రేఖాంశాల దాకా దీర్ఘచతురస్రం కత్తిరించి సగటు తీసేయడం. ఆ దీర్ఘచతురస్రంలో దక్షిణాన భీమాలోకి, అంటే కృష్ణలోకి పోయే వాన కలుస్తుంది, ఉత్తరాన నేరుగా గోదావరిలోకి పోయే వానా కలుస్తుంది. ఆ నీళ్లు నిజాంసాగర్ గేట్లను చూడవు. పరీవాహకం సరిహద్దు గీతను గడుల మీద పరిచి, సరిహద్దు గడుల్లో ఎంత భాగం లోపల ఉందో అంతే లెక్కలోకి తీసుకోవాలి. ఉత్తరానికి పోయేకొద్దీ గడి సన్నబడుతుంది కదా, ఆ బరువు వేయాలా అని అడిగితే, వేయడం మంచిదే, కానీ ఇక్కడ తేడా ఒక శాతం లోపే. శ్రద్ధ పెట్టాల్సింది సరిహద్దు మీద.

రాబోయే రోజుల ఫైళ్లకు వస్తే పద్ధతి మరింత జాగ్రత్త కోరుతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ రూపొందించిన గ్రిబ్ అనే కట్టుదిట్టమైన బైనరీ రూపంలో, లేదా నెట్‌సీడీఎఫ్‌లో అవి వస్తాయి. యూరప్ వాతావరణ అంచనాల కేంద్రం ఇచ్చే ఉచిత అంచనాలు 2024 నుంచి పావు డిగ్రీ గడుల్లో దొరుకుతున్నాయి. అందులో వాన మిల్లీమీటర్లలో ఉండదు, మీటర్లలో ఉంటుంది. ఏ గంటకు ఆ గంట వాన కాదు, అంచనా మొదలైన క్షణం నుంచి పోగైన మొత్తం. గడియారం గ్రీనిచ్‌ది. మన వానమాపకం ఉదయం 8:30కు చూస్తారు, ఆ క్షణంతో ముగిసిన 24 గంటల వానను ఆ తేదీ కింద రాస్తారు. కాబట్టి ఉదయం 5:30కు మొదలయ్యే అంచనా నుంచి 27వ గంట మొత్తంలో 3వ గంట మొత్తం తీసివేస్తేనే మన రిజిస్టర్ రోజుతో కలిసే వాన వస్తుంది. గ్రీనిచ్ తేదీ ప్రకారం రోజులుగా కూడేసి పక్కన పెట్టి చూస్తే మోడల్ మూడు గంటలు తప్పినట్టు కనిపిస్తుంది, తప్పింది మన కూడిక. ఇంకో చిక్కు దీనికంటే చెడ్డది. వాతావరణ శాఖ వాన ఫైలు దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, యూరప్ ఫైలు ఉత్తరం నుంచి దక్షిణానికి. మొదటిదాని కోసం రాసిన కోడ్‌తో ఎక్స్‌అరే అనే పైథాన్ ప్యాకేజీలో 17.5 నుంచి 19 దాకా కత్తిరించమని రెండోదాన్ని అడిగితే ఖాళీ ముక్క వస్తుంది. ఎర్రర్ రాదు. ఆ ఖాళీని కూడితే సున్నా వస్తుంది. మరాఠ్వాడా అంతటా చినుకు లేదని కంప్యూటర్ తడబడకుండా చెబుతుంది. కచేరీ గుమాస్తా చూడని రోజు గడిని ఖాళీగా వదిలేస్తే కనీసం ఖాళీ అని కంటికి తెలిసేది.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది బలమైనదే. గడిలోని అంకె కొలత కాదు, చుట్టుపక్కల కేంద్రాల కొలతలకు దూరాన్ని బట్టి బరువులు వేసి అల్లిన అంకె. 6,955 కేంద్రాలు అన్నీ అన్ని రోజులూ పనిచేయలేదు. 1900ల తొలి దశాబ్దాల్లో కేంద్రాలు పలచగా ఉన్నప్పుడు ఒక గడి అంకె ఎంతో దూరపు ఊరి వానను అరువు తెచ్చుకుని ఉంటుంది. నిజమే. కుండపోతను గడి పట్టుకోలేదన్నదీ నిజమే. 2023 జులైలో నిజామాబాద్ జిల్లా వేల్పూర్‌లో ఒక్క రోజులో 46 సెంటీమీటర్ల వాన పడింది, 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లా అర్గొండలో 40 సెంటీమీటర్లు దాటింది. 730 చదరపు కిలోమీటర్ల సగటులో ఇలాంటి శిఖరం కుంగిపోక తప్పదు. తెలంగాణ ప్రణాళికా విభాగం పెట్టిన వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలు లేకపోతే ఆ రెండు ఊళ్ల అంకెలు బయటికి వచ్చేవే కావేమో. ఇవన్నీ గడిని ఊరుగా చదవడానికి వ్యతిరేకమైన సాక్ష్యాలు. నా వాదనకు ఇవి అడ్డు రావు, బలమిస్తాయి. అల్లిన అంకె ఒక్క గడి దగ్గర ఎక్కువ తప్పుతుంది, ముప్పై గడుల మొత్తం దగ్గర తక్కువ. తొలి దశాబ్దాల విషయంలో మాత్రం రాజీపడాలి. 1923కు ముందరి మంజీరా వానను ఈ ఫైలు నుంచి తీసి అలీ నవాజ్ జంగ్ లెక్కలను సరిచూస్తామంటే తొందరపాటే అవుతుంది. ఏ గడి దగ్గర ఏ ఏడు ఎన్ని కేంద్రాలు పనిచేశాయో పక్కన పెట్టుకోకుండా ఆ పని చేయకూడదు.

రెండో అభ్యంతరం ఇంజనీర్లది. వాన వేరు, ఇన్‌ఫ్లో వేరు. 1980 దశకంలో నిజాంసాగర్‌కు ఎగువన సింగూరు వచ్చింది, నిల్వ దాదాపు 30 టీఎంసీలు, ముఖ్య ప్రయోజనం హైదరాబాద్ తాగునీరు. అప్పటి నుంచి బీదర్ దాకా కురిసిన వాన బోధన్‌కు చేరాలంటే సింగూరు నిండాలి, లేదా సింగూరు గేట్లు ఎత్తాలని ఎవరో నిర్ణయించాలి. దానికి ఎగువన మహారాష్ట్ర, కర్ణాటక బ్యారేజీలు ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మ సాగర్ నుంచి గోదావరి నీళ్లను హల్దీ వాగులోకి వదిలి నిజాంసాగర్‌కు పంపారు, అంటే ఇప్పుడు మంజీరా వానతో పనిలేకుండా కూడా నీరు రావచ్చు. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం, కోడ్‌లోకి తీసుకోవాలి. పరీవాహకాన్ని ఒకే మొత్తంగా కాక సింగూరు పైన, సింగూరు కింద అని రెండుగా విడగొట్టాలి. పైభాగం వాన సింగూరు ఖాళీ ఎంతుందో చూసి చదవాల్సిన అంకె. కింది భాగం, అంటే హల్దీ, ఆలేరు వాగుల ప్రాంతం, ఎవరి అనుమతీ లేకుండా నేరుగా నిజాంసాగర్‌లోకి వచ్చే వాన. 2025 ఆగస్టులో చూసింది అదే. 1922 నాటి పోచారం ప్రాజెక్టు కట్ట పక్కన కోతపడేంత వరద వచ్చి మంజీరాలో కలిసింది. బోధన్ కాలువ కింది రైతుకు పనికొచ్చే అంచనా ఈ రెండు అంకెలే.

మూడో అభ్యంతరం రైతుది, దానికి నేను సగం ఒప్పుకుంటాను. మా ఊళ్లో రేపు వాన పడుతుందా లేదా చెప్పండి, లాతూర్ సంగతి నాకెందుకు అని అడిగితే ఏమనాలి? ఆర్మూర్ వైపు బావులు, బోర్ల కింద పసుపు పండించేవాళ్లకు అదే సరైన ప్రశ్న. ఉడకబెట్టిన కొమ్ములు కల్లంలో ఆరుతున్నప్పుడు పడే అకాల వర్షం నిజామాబాద్ మార్కెట్‌లో ధర పడగొడుతుంది. రోడ్డు మీద ఆరబోసిన యాసంగి వడ్లకూ అంతే. 2024 అక్టోబర్ నుంచి గ్రామ పంచాయతీ స్థాయి అంచనాలు ఇస్తున్నది వీళ్ల కోసమే, అవి మెరుగుపడాలి కూడా. కానీ పంచాయతీ పేరు కింద అంకె వచ్చినంత మాత్రాన మోడల్ ఆ పంచాయతీని చూసినట్టు కాదు. పెద్ద గడి అంకెను చిన్న ఊళ్లకు పంచి ఇచ్చినప్పుడు పక్కపక్క ఊళ్లకు ఒకే వాన వస్తుంది, పైన బోధన్, నిజామాబాద్‌లకు వచ్చినట్టే. పసుపు కల్లానికి ఊరి అంచనా, చెరకు మడికి నది అంచనా. ఒకే జిల్లాలో రెండు పంటలకు రెండు వేర్వేరు భూగోళాలు ఉన్నాయని ఒప్పుకుంటే సగం గందరగోళం తీరుతుంది.

ఇక ఫ్యాక్టరీ. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆ ఏడాది మంజీరా పరీవాహకంలో కరువు. లాతూర్‌కు నీళ్లు మోసే రైలు 2016 ఏప్రిల్‌లో మిరజ్ నుంచి బయల్దేరింది, సింగూరు అడుగంటింది. గడుల ఫైలు తెరిచి వానల గీత, క్రషింగ్ గీత పక్కపక్కన పెడితే రెండూ కలిసి కిందికి దిగుతున్నట్టు కనబడవచ్చు. దాన్ని చూసి కరువే ఫ్యాక్టరీని మూసిందని రాసేవాళ్లు ఉంటారు, రాయకూడదు. వాటాల అమ్మకం, బకాయిలు, చెరకు ధర, వరి వైపు మళ్లిన రైతు, ఇవేవీ గ్రిబ్ ఫైలులో ఉండవు. మంచి వానలు కురిసిన ఏళ్లలో కూడా ఆయకట్టులో చెరకు తగ్గుతూ వచ్చింది. వాన లెక్క చెప్పగలిగింది వేరు. ఏ ఏడు నిజాంసాగర్‌కు నీరు రాకపోవడం మబ్బుల వల్ల, ఏ ఏడు ఎగువ గేట్ల వల్ల అన్నది విడదీయగలదు. సింగూరు విడుదలలు, మహారాష్ట్ర బ్యారేజీల మట్టాలు రోజువారీగా ఒకచోటికి చేరితే 1990ల నుంచి ఏడాదికేడాది ఆ విడదీత సాధ్యమే. వాన అంకెలు మూడు రాష్ట్రాలకూ ఒకే ఫైలులో వస్తున్నాయి. గేట్ల అంకెలు ఇంకా మూడు దస్త్రాల్లోనే ఉన్నాయి.